డెన్సిటీ మీటరు డెన్సిటీని కొలవదు మహాప్రభో!

ల్యాబుల్లో బల్ల మీద మైక్రోవేవ్ ఓవెన్ సైజులో ఒక పెట్టె ఉంటుంది. సిరంజితో ఒకటి రెండు మిల్లీలీటర్ల పెట్రోలో, బీరో, పంచదార పాకమో అందులోకి ఎక్కిస్తే కాసేపటికి స్క్రీను మీద 0.7400 లాంటి అంకె ఒకటి నిలబడుతుంది. దాని పేరు డిజిటల్ డెన్సిటీ మీటరు. మనవాళ్ళేం చేస్తారు? ఆ అంకెని కేబుల్లోంచి లాక్కొచ్చి, డేటాబేసులో ఒక కాలమ్‌లో కుక్కి, లిమిట్ లోపలుంటే ఆకుపచ్చ చుక్క, బయటుంటే ఎర్ర చుక్క పెట్టేసి చేతులు దులుపుకుంటారు. "డిజిటల్ కదా గురూ, ఇంకేం కావాలి?" అంటారు. నా గొడవంతా ఆ 'ఇంకేం కావాలి' మీదే.

ఒక్క ముక్కలో నా వాదన ఇదీ. ఆ పెట్టె డెన్సిటీని కొలవదు. సమయాన్ని కొలుస్తుంది. డెన్సిటీ అనేది ఆ సమయం మీద సాఫ్ట్‌వేరు చేసిన లెక్క. లెక్కకి ముడిసరుకైన సమయాన్ని, ఉష్ణోగ్రతని, కాలిబ్రేషన్ అంకెల్ని పారేసి, చివరి ఫలితం ఒక్కటే దాచుకుని దాన్ని 'డేటా' అని పిలవడం మనం, అంటే సాఫ్ట్‌వేరు వాళ్ళం, చేస్తున్న తప్పుడు పని. ల్యాబు వాళ్ళది కాదు, యంత్రం అమ్మినవాడిది కాదు. మనదే.

అసలా పెట్టెలో ఏముందో చూద్దాం. చిన్నప్పుడు క్లాసులో స్టీలు స్కేలుని బల్ల అంచున అదిమిపట్టి టింగుమనిపించే ఉంటారు. దాని చివర ఒక రబ్బరు ముక్క అతికించి మళ్ళీ లాగి వదలండి. నెమ్మదిగా ఊగుతుంది. ముక్క ఎంత బరువైతే అంత నెమ్మది. అంతే, ఇదే సూత్రం. పెట్టె లోపల స్కేలు బదులు యు ఆకారంలో వంచిన సన్నటి గాజు గొట్టం ఉంటుంది. రెండు కొసలూ గట్టిగా బిగించి ఉంటాయి, వంపు మాత్రం గాల్లో ఉండి ఊగుతూ ఉంటుంది. గొట్టంలో ద్రవం నింపితే బరువు మారుతుంది. గొట్టం లోపలి చోటు మారదు కాబట్టి బరువు మారిందంటే సాంద్రత మారినట్టే. ద్రవం ఎంత సాంద్రమైతే ఒక్కో ఊపుకి అంత ఎక్కువ సమయం. ఇంటర్ ఫిజిక్స్‌లో ఆవర్తన కాలం అని బట్టీ పట్టామే, అదే.

దీని పుట్టుక కూడా బావుంటుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ ఊళ్ళో ఒట్టో క్రాట్కీ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో ప్రోటీన్ల వంటి పెద్ద అణువుల మీద పని చేసేవాడు. ఆ పనికి ద్రావణాల సాంద్రత చాలా సూక్ష్మంగా తెలియాలి. ఆయనతో కలిసి హాన్స్ లియోపోల్డ్, హాన్స్ స్టాబింగర్ ఈ ఊగే గొట్టం పద్ధతిని తయారు చేశారు. అదే ఊళ్ళోని ఆంటన్ పార్ కంపెనీ 1967లో దాన్ని యంత్రంగా బయటికి తెచ్చింది. అంతకు ముందు ఇంత సూక్ష్మంగా కావాలంటే చిన్న గాజు సీసాలు నింపడం, తుడవడం, తూకం వెయ్యడం... ఒక్క శాంపిలుకే బోలెడు సమయం. దాని బదులు ఒక గడియారం పెట్టేశారన్నమాట. గొప్ప ఆలోచన, అందులో సందేహం లేదు. నా కోపం యంత్రం మీద కాదని ఇక్కడే చెప్పేస్తున్నా.

లెక్క ఇలా ఉంటుంది:

సాంద్రత = ఎ × (ఊపు సమయం)² − బి

ఎ, బి లు ఎక్కడినుంచి వస్తాయి? గొట్టాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి గాలితో ఒకసారి, శుద్ధమైన నీళ్ళతో ఒకసారి ఊపి చూస్తారు. 20 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9982 అని, మామూలు పీడనంలో గాలిది 0.0012 అని ముందే తెలుసు (అన్నీ ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో). రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు. ఎనిమిదో తరగతి లెక్క.

ఉదాహరణకి ఒక గొట్టం గాలితో 3.6 మిల్లీసెకన్లకీ, నీళ్ళతో 4.0 మిల్లీసెకన్లకీ ఒకసారి ఊగుతోందనుకోండి (అంకెలు నేను లెక్క కోసం అనుకున్నవి). అప్పుడు ఎ సుమారు 0.328 వస్తుంది, బి సుమారు 4.249. ఈ గొట్టంలో 0.7400 సాంద్రత ఉన్న పెట్రోలు పోస్తే ఊపు సమయం దాదాపు 3.900 మిల్లీసెకన్లు. ఇప్పుడు అసలు సంగతి. నీటి దగ్గర నాలుగో దశాంశంలో ఒక్క అంకె తేడా పట్టాలంటే ఊపు సమయంలో సుమారు 38 నానోసెకన్ల తేడా కనిపెట్టాలి. ఐదో దశాంశమైతే 4 నానోసెకన్లు. బోలెడన్ని ఊపులు లెక్కబెట్టి సగటు తీస్తారు కాబట్టి సాధ్యమవుతుంది. సర్వర్ లాగుల్లో మిల్లీసెకన్ల దగ్గరే ఆగిపోయే మనం, ఇంత సున్నితమైన కొలతని తీసుకొచ్చి ఏం చేస్తున్నామో ఇప్పుడు చూడండి.

పేరు అనవసరం గానీ, ఒక ప్రాజెక్టులో నా చేతికొచ్చిన స్పెసిఫికేషన్లో ఇలా ఉంది: "డెన్సిటీ: నంబరు, రెండు దశాంశాలు". అంతే. ఉష్ణోగ్రత లేదు, యూనిట్ లేదు, ఊపు సమయం ఊసే లేదు. వచ్చే శాంపిళ్ళు పెట్రోలు, డీజిలు. మన దేశంలో పెట్రోలు బంకు దగ్గర డెన్సిటీ చెక్ చేసేటప్పుడు, ట్యాంకర్‌తో వచ్చిన చలానాలో రాసిన విలువకీ చూసిన విలువకీ మధ్య 0.003 వరకే తేడా ఒప్పుకుంటారు, అదీ 15 డిగ్రీలకి మార్చాక. రెండు దశాంశాలకి కుదిస్తే 0.735 నుంచి 0.745 దాకా ఉన్నదంతా 0.74 అయిపోతుంది. అంటే ఏ తేడా పట్టుకోవడానికి ఆ సాఫ్ట్‌వేరు కట్టారో, ఆ తేడా దానికి కనపడనే కనపడదు! ల్యాబులో కెమిస్టు మేడం మీటింగులో ఇదే మాట మూడుసార్లు చెప్పింది. "స్కోపులో లేదండీ" అన్నారు మావాళ్ళు. స్కోపులో లేనిదేంటయ్యా, పెట్రోలా? :-)

ఇది ఏదో ఒక్క చోట జరిగిన విడ్డూరం అనుకోకండి. ఆ పెట్టె ఇచ్చే అంకె ఎన్ని రకాలుగా తప్పుదారి పట్టించగలదో తెలిస్తే, ఆ ఒంటరి కాలమ్ ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది.

మొదటిది బుడగ. గొట్టంలో పట్టేది సుమారు ఒక మిల్లీలీటరు. అందులో ఒక మైక్రోలీటరు గాలి బుడగ చేరితే, అంటే మిల్లీమీటరున్నర కన్నా చిన్న బుడగ, స్థూలంగా వెయ్యో వంతు ద్రవం తగ్గినట్టు. నీళ్ళలోనైతే మూడో దశాంశంలో ఒకటి కొట్టుకుపోతుంది. బుడగ వంపు దగ్గరుందా, బిగించిన కొస దగ్గరుందా అన్నదాన్ని బట్టి ఇంకా మారుతుంది. స్క్రీను మాత్రం ఏమీ ఎరగనట్టు నాలుగు దశాంశాలూ చూపిస్తూనే ఉంటుంది. కొత్త యంత్రాలు కొన్ని బుడగని కనిపెట్టి హెచ్చరిస్తాయి, కొన్ని గొట్టం ఫొటో కూడా తీస్తాయి. సంతోషం. ఆ హెచ్చరిక దాచడానికి మన టేబుల్లో కాలమ్ ఉందా? లేదు. యంత్రం అరుస్తోంది, మనం చెవుల్లో దూది పెట్టుకున్నాం.

రెండోది ఉష్ణోగ్రత. పెట్రోలు ఒక్క డిగ్రీ వేడెక్కితే సాంద్రత సుమారు 0.0009 తగ్గుతుంది. మే నెల విజయవాడలో 42 డిగ్రీల దగ్గర చూసిన పెట్రోలుకీ, 15 డిగ్రీల దగ్గర చూసిన అదే పెట్రోలుకీ తేడా 0.024 దాకా వస్తుంది. ఒప్పుకునే తేడాకి ఎనిమిది రెట్లు. ల్యాబు యంత్రం గొట్టాన్ని తనే కావలసిన ఉష్ణోగ్రతకి తెచ్చి ఉంచుతుంది, నిజమే. కానీ ఆరోజు 15 దగ్గర పెట్టారా, 20 దగ్గర పెట్టారా? ఉష్ణోగ్రత లేని డెన్సిటీ అంటే ఊరి పేరు రాయని ఉత్తరం. తమాషా ఏంటంటే, బంకులో కుర్రాడు హైడ్రోమీటరుతో చూసి రిజిస్టరులో రాసేటప్పుడు కూడా చూసిన ఉష్ణోగ్రత, చూసిన డెన్సిటీ, 15 డిగ్రీలకి మార్చిన డెన్సిటీ అని విడివిడిగా రాస్తాడు. ఆ గళ్ళ పుస్తకంలో ఉన్న కాలమ్ మన ఎంటర్‌ప్రైజ్ సిస్టంలో లేదు. ఎవరు వెనకబడ్డట్టు?

మూడోది చిక్కదనం. ఇంజనాయిలు లాంటి జిగట ద్రవం గొట్టం ఊపుని కొంత మింగేస్తుంది. దిద్దకపోతే యంత్రం అసలు కన్నా ఎక్కువ సాంద్రత చూపిస్తుంది. తేడా నాలుగో దశాంశంలోనే కావచ్చు, కానీ ఐదు దశాంశాలు చూపించే యంత్రం కొన్నాక అది పట్టదంటే ఎలా? మంచి యంత్రాలు దీన్ని తామే దిద్దుకుంటాయి. దిద్దుబాటు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది ఒక్క బిట్టు సమాచారం. ఆ ఒక్క బిట్టు దాచుకోలేకపోయాం!

నాలుగోది యూనిట్లు. ఒకరు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర సాంద్రత పంపుతారు. ఇంకొకరు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నీటితో పోల్చిన స్పెసిఫిక్ గ్రావిటీ పంపుతారు. రెండూ 0.74 చుట్టూనే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పెట్రోలు దగ్గర ఈ రెంటికీ తేడా 0.0002 దాకా ఉంటుంది. పాస్ కావలసిన శాంపిలు ఫెయిలవడానికి కొన్నిసార్లు అది చాలు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది. ఇది చదివాక కూడా ఊపు సమయం దాచక్కర్లేదంటే ఇక నేనేం చెప్పలేను. పొద్దున్నే కాలిబ్రేషన్ చేసేటప్పుడు నీళ్ళలో ఆ ఒక మైక్రోలీటరు బుడగ ఉండిపోయిందనుకోండి. యంత్రం బుడగ ఉన్న నీళ్ళనే 0.9982 అని నమ్మేసింది. ఎ విలువ వెయ్యికి ఒకటి చొప్పున పెరిగిపోయింది. ఆ రోజంతా వచ్చిన ప్రతి పెట్రోలు శాంపిలూ 0.0007 ఎక్కువ చూపిస్తుంది. ఏ శాంపిల్లోనూ బుడగ లేదు, ఏ హెచ్చరికా రాదు, అన్నీ ఒకే వైపుకి తప్పు. సాయంత్రం ఎవరో అనుమానమొచ్చి శుభ్రమైన నీళ్ళు పోసి చూస్తే 0.9992 వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

ప్రతి శాంపిలుకీ ఊపు సమయం దాచి ఉంటే, సరైన ఎ, బి లు కనుక్కుని రోజంతటినీ ఒక్క క్వెరీతో మళ్ళీ లెక్కకట్టొచ్చు. అయిదు నిమిషాల పని. ఊపు సమయం లేకపోతే, ఏ శాంపిలుకి ఏ కాలిబ్రేషన్ వాడారో కూడా రాసి లేకపోతే, ఆ రోజు రిపోర్టులన్నీ చెత్తబుట్టకే. శాంపిళ్ళు మళ్ళీ తెప్పించాలి. ఈలోగా ట్యాంకర్ వెళ్ళిపోయుంటుంది, పెట్రోలు అమ్ముడైపోయుంటుంది, ఎవరో డీలరు మీద కేసో, ఎవరో కస్టమరుకి మోసమో జరిగిపోయుంటుంది. సోర్స్ కోడ్ తగలేసి ఎక్జిక్యూటబుల్ ఒక్కటే దాచుకునే కంపెనీలో మీరు పని చేస్తారా? ఇదీ అదే.

"ఇదంతా కాస్త అతి కాదూ?" అనేవాళ్ళుంటారు. ఉన్నారు కూడా. వాళ్ళ మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

"యంత్రానికి సర్టిఫికెట్ ఉంది కదా." ఉంది. ఆ రోజు, ఆ ద్రవంతో, ఆ మనిషి చేతిలో సరిగ్గా పని చేసిందని ఉంది. ఈ రోజు గొట్టం గోడకి అంటుకున్న జిడ్డుకి సర్టిఫికెట్ లేదు. పెట్రోలియం ల్యాబులు పాటించే ఏఎస్‌టీఎం డి4052 పద్ధతే గొట్టంలో బుడగలున్నాయేమో చూసుకోమంటుంది. చూశారా లేదా అన్నది రాసుకునే చోటు మనమే ఇవ్వాలి.

"డేటా పెరిగిపోదా?" శాంపిలుకి పది విలువలు, ఒక్కోటి 8 బైట్లు. మొత్తం 80 బైట్లు. రోజుకి వెయ్యి శాంపిళ్ళనుకున్నా ఏడాదికి 30 ఎంబీ దాటదు. ఆఫీసు పిక్నిక్ ఫొటోలు పది తీసేస్తే సరిపోతుంది.

"కస్టమరు అడగలేదు." ఇల్లు కట్టించుకునేవాడు పునాదిలో ఎన్ని ఊచలు వెయ్యాలో మేస్త్రీకి చెప్పడు. వేస్తాడని నమ్ముతాడు. అడగలేదు కాబట్టి వెయ్యలేదనే మేస్త్రీని మనం ఏమంటాం?

"చివర్లో సున్నాలెందుకు, 0.7400 అన్నా 0.74 అన్నా ఒకటే కదా." కోడ్‌కి ఒకటే. మనిషికి కాదు. 0.7400 అంటే నాలుగో దశాంశం దాకా చూశాను, అక్కడ సున్నా ఉంది అని. 0.74 అంటే ఆ తర్వాత ఏముందో చూడలేదు అని. ఆ సున్నాలు ఊరికే రాలేదు, నానోసెకన్లు లెక్కబెడితే వచ్చాయి.

ఈ మధ్య కొత్తగా ఇంకో మాట మొదలైంది: "ఏఐ చూసుకుంటుందిలే." ఏం చూసుకుంటుంది? మనం పారేసిన ఊపు సమయాన్ని అది ఎక్కడినుంచి తెస్తుంది? రెండు దశాంశాలకి కొరికేసిన అంకెలు కోటి పోసినా అందులోంచి బుడగ బయటికి రాదు.

ఇంకో సంగతి. ఇది డ్యాష్‌బోర్డులు గీసేవాళ్ళకి. అంకె సరిగ్గా ఉన్నా సరే, సాంద్రత ఒక్కటే చూసి 'కల్తీ లేదు' అని ఆకుపచ్చ చుక్క పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పాల సంగతి మనందరికీ తెలిసిందే. వెన్న తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్ళు కలిపితే తగ్గుతుంది. వెన్న తీసి సరిపడా నీళ్ళు కలిపితే లాక్టోమీటరు 'భేష్' అంటుంది. అందుకే డెయిరీ వాళ్ళు ఫ్యాట్ విడిగా చూస్తారు. పెట్రోల్లోనూ అంతే. కిరోసిన్ కలిస్తే సాంద్రత పెరుగుతుంది, తేలికపాటి నాఫ్తా కలిస్తే తగ్గుతుంది. రెండూ తెలివిగా కలిపిన దొంగకి డెన్సిటీ మీటరు ఐదు దశాంశాలతో సెల్యూట్ కొడుతుంది. సాంద్రత తేడా వస్తే ఏదో జరిగిందని అర్థం. తేడా రాకపోతే ఏమీ జరగలేదని అర్థం కాదు.

పోనీ తేడా వస్తే దొంగతనమేనా? అదీ కాదు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్మడం 2023లో మొదలైంది. ఇథనాల్ సాంద్రత 15 డిగ్రీల దగ్గర 0.794. మామూలు 0.740 పెట్రోల్లో అయిదో వంతు అది కలిపితే మొత్తం సుమారు 0.01 పెరుగుతుంది. ఏ చలానాతో పోల్చాలో రాసుకోకుండా పాత సంవత్సరాల సగటుతో పోల్చే సాఫ్ట్‌వేరు ఉంటే, అది నిజాయితీగా వ్యాపారం చేసే డీలరుని కూడా దొంగని చేసేస్తుంది.

పాల మాటెలాగూ వచ్చింది కాబట్టి, పల్లెల్లో పాల కేంద్రాలు గుర్తు చేస్తా. అక్కడ ఉండేది ఈ ఊగే గొట్టం కాదు, లాక్టోమీటరో, మిల్క్ ఎనలైజరో. కానీ జబ్బు ఒకటే. లాక్టోమీటరు రీడింగులో ఒక పాయింటు అంటే సాంద్రతలో 0.001. సరిగ్గా మన ఒక మైక్రోలీటరు బుడగంత! ఎస్ఎన్ఎఫ్ లెక్కలో ఆ రీడింగుని నాలుగుతో భాగిస్తారు కాబట్టి ఒక పాయింటు తగ్గితే పావు శాతం ఎస్ఎన్ఎఫ్ పోతుంది. ఫ్యాట్‌ని, ఎస్ఎన్ఎఫ్‌ని బట్టే రైతుకి డబ్బు. తెల్లారుజామున గేదె పాలు పిండి తెచ్చిన మనిషి చేతిలో చీటీ పెట్టి "కంప్యూటర్ చెప్పింది" అంటే ఆయన ఎవరితో వాదిస్తాడు? రీడింగెంత, ఉష్ణోగ్రతెంత, ఏ ఫార్ములా వాడారు అని చీటీలో ఉంటే కనీసం చదువుకున్న కొడుకో కూతురో లెక్క సరిచూడొచ్చు. ఆ మూడు వరసలూ చీటీ మీద వచ్చేలా చెయ్యాల్సింది మనలాంటివాడే.

అంచేత, ల్యాబు యంత్రాలకీ డేటాబేసులకీ మధ్య పైపులు వేసే సోదర సోదరీమణులకి నా డిమాండ్లు:

1. ఊపు సమయాన్ని యంత్రం ఇచ్చినంత సూక్ష్మంగా దాచండి. యంత్రం పంపట్లేదంటే సెట్టింగుల్లో వెతకండి, అమ్మినవాణ్ణి అడగండి. అడక్కుండా 'రాదు' అనకండి.

2. ఉష్ణోగ్రత, యూనిట్, యంత్రం నంబరు, చిక్కదనం దిద్దుబాటు, బుడగ హెచ్చరిక... ఇవి లేకుండా డెన్సిటీ రికార్డు సేవ్ అవ్వకూడదు. ఐచ్ఛికం కాదు, తప్పనిసరి.

3. కాలిబ్రేషన్‌కి విడిగా ఒక టేబుల్. ప్రతి శాంపిలు తన కాలిబ్రేషన్‌ని చూపించాలి. ఎ, బి ల మీద రాసి చెరిపేయడం నిషిద్ధం.

4. రౌండింగు చేసేది స్క్రీను మీద, అదీ చివర్లో. నిల్వలో కాదు.

5. ఆకుపచ్చ చుక్క పక్కన 'కల్తీ లేదు' అని రాయకండి. 'సాంద్రత హద్దులో ఉంది' అని రాయండి. నాలుగు అక్షరాలు ఎక్కువైతే ఫాంటు తగ్గించుకోండి.

6. ల్యాబులో పని చేసేవాళ్ళతో ఒక పూట కూర్చోండి. సిరంజి ఎంత నెమ్మదిగా నొక్కాలో చూస్తే, ఆ అంకెని పారబోయడానికి చెయ్యి రాదు.

ఇందులో రాకెట్ సైన్సేమీ లేదు. రెండు టేబుళ్ళు, పది కాలమ్‌లు, కాస్త గౌరవం. గొట్టం తన పని తాను నానోసెకన్ల లెక్కన నిజాయితీగా చేస్తోంది. దాని పక్కన మనం రెండు దశాంశాల మనుషుల్లా కూర్చుంటామంటే నేనొప్పుకోను. మీ సిస్టంలో డెన్సిటీ కాలమ్ పక్కన ఉష్ణోగ్రత కాలమ్ ఉందో లేదో రేపు ఆఫీసుకెళ్ళాక ఓసారి చూడండి. లేకపోతే, కాఫీ తాగేలోపే టికెట్ ఒకటి పెట్టెయ్యండి.